కుళాయి తిరిగే వైపు

రెండొందల నలభై నాలుగు ఎటు అన్నాను.
గేటు కుర్రాడు తెర మీద వెతికి
"అది ఖాళీ లేదు మేడమ్, ఇంకోటి ఇవ్వనా?"
ఉండటానికి కాదు నాయనా, ఊరికే చూడ్డానికి.
వాడికి అర్థం కాలేదు.
చేతికి పట్టీ మాత్రం కట్టాడు.

ఇక్కడ నేను ఐసు అమ్మాను.
పంతొమ్మిదేళ్ళప్పుడు. గంటకు డాలరూ అరవై సెంట్లు.
తోలు కుచ్చుల చొక్కా వేశారు నాకు,
అడవిలో పుట్టిన పిల్లలా కనిపించాలట.
నేను పుట్టింది ఫ్లోరిడా ఆవుల మందల మధ్యనే.
అసలు అడవి మా పెరటి వెనకే ఉండేది,
అందులో ఎవరూ కుచ్చుల చొక్కా వేసుకోగా చూడలేదు.

మొదటి చలికాలం.
రోడ్లింకా ఇసుకే.
అప్పుడే నాటిన పైన్ మొక్కలు, తాళ్ళతో కట్టి నిలబెట్టినవి,
బడికి మొదటిరోజు వచ్చిన పిల్లల్లా బిక్కమొహాలు వేసుకుని.
నీడ కావాలంటే ట్రైలరు పక్కన కూర్చోవాలి,
ఎండతో పాటు కుర్చీ జరుపుకుంటూ.

నంబరు పలకలు ఆర్వల్ టిలిస్ చెక్కేవాడు,
సైప్రస్ చెక్క మీద, పొగాకు నముల్తూ.
నాలుగుని ఎప్పుడూ తిరగేసి చెక్కేవాడు.
అదేమంటే
"చెట్టు వైపు నుంచి చూడు, సరిగ్గానే ఉంటుంది" అనేవాడు.

ఆ వరసలో కుళాయిలు బిగించిందీ ఆయనే.
ఎక్కడ చవగ్గా కొన్నారో, మర తిరగబడింది.
కుడికి తిప్పితే ధార, ఎడమకు తిప్పితే కట్టు.
ఒహైయో నుంచి రెండ్రోజులు బండి నడిపి వచ్చిన ప్రతి తండ్రీ
మొదటి సాయంత్రం బూట్లు తడుపుకునేవాడు.
పెళ్ళాం నవ్వేది. దారి పొడుగునా వాళ్ళు మాట్లాడుకోలేదని
ఆ నవ్వులోనే తెలిసిపోయేది.

చీకటి పడగానే దోమల పొగబండి.
పిల్లలు కేరింతలు కొడుతూ దాని వెనకాలే.
మేమూ చూసి మురిసిపోయాం.
ఆ పొగలో ఏముందో చాలా ఏళ్ళకు పేపర్లో చదివాను.

పదింటికి సరస్సు అవతల బాణసంచా.
ముందు వెలుగు. చప్పుడు తర్వాత.
మూట కట్టిన ఐసు ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టేదాన్ని,
ఎనిమిది అనేసరికి
రొమ్ములో ధన్‌మనేది.

తర్వాత పెట్రోలు దొరకని చలికాలం వచ్చింది.
వంద స్థలాలకు మూడు గుడారాలు.
రోడ్డు నడిమధ్య కొంగలు జంటలుగా,
అద్దె కట్టినవాళ్ళలా దర్జాగా.
ఐసు అడిగే నాథుడు లేక
ఆర్వల్, నేనూ గుర్రపు నాడాలు విసిరే ఆట ఆడాం
సాయంత్రాల కొద్దీ. ఒక్కసారీ నన్ను గెలవనివ్వలేదు.
ఒక గురువారం జాబితాలో ఆయన పేరు వచ్చింది.
ఉలి నా కౌంటరు మీద పెట్టి
"పలకలు కావలసొస్తే పిలవమను" అన్నాడు.
ఎవరూ పిలవలేదు.
ఉలి నా దగ్గరే ఉంది, డబ్బాల మూతలు తీస్తుంటాను.

ఇప్పుడు ట్రైలర్లు మా ఇంటికన్నా పెద్దవి.
బయట టీవీలు, గ్యాసుతో వెలిగే చలిమంటలు,
రంగు దీపాలు చుట్టుకున్న గోల్ఫ్ బండ్లు.
నంబర్లు మెరిసే రేకు మీద.
నాలుగు, నాలుగులాగే ఉంది.
బిక్కమొహం మొక్కలు మాత్రం
తల వెనక్కి వాల్చినా కొన కనిపించనంత ఎత్తు.
తాడు కట్టిన చోట కాండానికి ఇంకా నొక్కు,
ఉంగరం తీసేసిన వేలిలా.

ఆ చెట్టు మొదట్లోనే కుళాయి.
మరిసోల్ అట ఆ అమ్మాయి పేరు, బిందెలాంటి డబ్బా నింపుతోంది.
లోపల ఏదో మాడుతున్న వాసన, లేచి పరిగెత్తింది,
"కొంచెం కట్టేయండి!"

వంగాను.
చెయ్యి నన్నడగలేదు.
ఎడమకు తిప్పింది, గట్టిగా.

ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు.
"కుడికండీ, కుడికి!" తలుపులోంచి కేక.
ఎప్పుడో బాగుచేసేశారు.
తెలిసిన చేతిని ఎవరు బాగుచేస్తారు.

మెట్టు మీద కూర్చున్న పిల్లాడు
నోట్లో వేలు తీసి
నన్నూ నీళ్ళనూ చూసి
"మళ్ళీ" అన్నాడు.